వంతెన పొడుగెంత?

పాలస్తీనా గురించో, ఇజ్రాయెల్ గురించో ఇంగ్లీషులో వచ్చే పుస్తకాల్లో చాలావాటికి మొదటి పేజీల్లోనే ఒక మ్యాపు ఉంటుంది. పైన లెబనాన్, కింద సినాయ్, ఎడమ వైపు సముద్రం, కుడి వైపు యొర్దాను నది. పేజీ అంతా పరుచుకుని ఉంటుంది. ఇండియా మ్యాపు వేసినా అదే పేజీలో సరిపోతుంది కనక, చూపుకి రెండూ ఒకే సైజు. అడుగున ఓ మూల చిన్న గీత గీసి ఇన్ని కిలోమీటర్లు అని రాస్తారు. ఆ గీతని వేలితో కొలుచుకుని చదవడం మొదలుపెట్టే పాఠకులు ఎంతమంది ఉంటారు?

నేను కొన్నేళ్ళుగా ఆ చిన్న గీతని పట్టుకుని ఈ ప్రాంతపు పుస్తకాలు చదువుతున్నాను. ఎవరు ఏ వైపు రాశారు, ఎవరి వాదం సబబు అన్న ప్రశ్నలు ఎలాగూ ఉంటాయి. వాటితో పాటు ఇంకో ప్రశ్న వేసుకుంటూ చదివితే కొన్ని పుస్తకాలు వేరే రకంగా కనిపిస్తాయి. ఈ కథలో మనిషి ఎంత దూరం వెళ్ళాడు? ఆ దూరానికి ఎంత కాలం పట్టింది? ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నది ఆ లెక్క గురించి.

ముందు అంకెలు. నేనుండే న్యూజెర్సీలో ఎవరిని అడిగినా ఇజ్రాయెల్ మన రాష్ట్రమంత ఉంటుంది అంటారు. విస్తీర్ణంలో అది దాదాపు నిజమే. కాని తెలుగువాళ్ళకి న్యూజెర్సీ కంటే మన జిల్లాలతో చెప్తే బాగా అర్థమవుతుంది. 1949 యుద్ధవిరామ రేఖల లోపలి ఇజ్రాయెల్ సుమారు 20,770 చదరపు కిలోమీటర్లు. అంటే 2022లో జిల్లాలు విడగొట్టకముందు మన అనంతపురం జిల్లా కంటే కాస్త పెద్దది. వెస్ట్ బ్యాంక్ సుమారు 5,700 చదరపు కిలోమీటర్లు, పాత గుంటూరు జిల్లాలో సరిగ్గా సగం. గాజా 365 చదరపు కిలోమీటర్లు. పొడవు 41 కిలోమీటర్లు, వెడల్పు ఆరు నుంచి పన్నెండు. 2007లో ఏర్పడినప్పటి గ్రేటర్ హైదరాబాదులో సగం కంటే కొంచెం ఎక్కువ. అందులో ఇరవై లక్షల పైచిలుకు జనం.

ఈ అంకెలు తెలిశాక కూడా మన బుర్రలో ఆ ప్రాంతం చిన్నదవదు. దానికి కొంత కారణం మన భాష అని నా అనుమానం. తెలుగు పత్రికలు కొన్ని వెస్ట్ బ్యాంక్‌ని 'పశ్చిమ తీరం' అని రాస్తాయి. తీరం అనగానే మనకి విశాఖపట్నం, మచిలీపట్నం గుర్తొస్తాయి. అక్కడ సముద్రమే లేదు. అది యొర్దాను నదికి పడమటి గట్టు, అంతే. ఆ నది కూడా మన కృష్ణా గోదావరుల లాంటిది కాదు. చాలాచోట్ల అవతలి ఒడ్డు మనిషితో కేక వేసి మాట్లాడొచ్చు. 'పడమటి గట్టు' అని రాస్తే పాఠకుడి కళ్ళ ముందు ఒక కాలవ గట్టయినా కనపడేది. అలాగే 2023 అక్టోబరు 13న గాజా ఉత్తర భాగంలో ఉన్న పదకొండు లక్షల మందిని 24 గంటల్లో దక్షిణానికి వెళ్ళిపొమ్మని ఇజ్రాయెల్ సైన్యం చెప్పినప్పుడు మన పేపర్లు 'ఉత్తర గాజా', 'దక్షిణ గాజా' అని శీర్షికలు పెట్టాయి. ఉత్తర, దక్షిణ అన్న మాటలు మనకి ఒక ఉపఖండం మీద అలవాటైన మాటలు. ఉత్తరాదినుంచి దక్షిణాదికి పోతే ప్రమాదం వెనకబడిపోతుందన్న ఊహ అందులో ఉంది. ఇక్కడ ఉత్తరం కొసనుంచి దక్షిణం కొసకి నలభై కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి బయల్దేరితే చౌటుప్పల్ కూడా రాదు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన అలవాటు ఇంకొకటి. తెలుగు బైబిల్ చదివి పెరిగినవాళ్ళ మనసులో ఆ దేశం చాలా పెద్దది. గలిలయ సముద్రం అంటే సముద్రమే. నిజానికది 166 చదరపు కిలోమీటర్ల మంచినీటి సరస్సు. నాగార్జునసాగర్ జలాశయం 285. దాను నుంచి బెయేర్షెబా దాకా అంటే దేశమంతా అని అర్థం. ఆ రెండింటికీ మధ్య గీత గీస్తే గట్టిగా 240 కిలోమీటర్లు లేదు. హైదరాబాదు నుంచి బెజవాడ అంతకంటే దూరం. పరిశుద్ధ దేశ యాత్రకి వెళ్ళొచ్చిన మనవాళ్ళు ముందుగా చెప్పే మాట కూడా ఇదే. బేత్లెహేము యెరూషలేము పక్కనే ఉందండీ, బస్సెక్కి కూర్చోగానే వచ్చేసింది, అని. అయితే టూరిస్టు బస్సుకి వచ్చేసినంత తొందరగా ఆ రెండూళ్ళలో పుట్టినవాళ్ళందరికీ రాదు. ఇక్కణ్ణుంచే సాహిత్యం మొదలవుతుంది.

మురీద్ బర్ఘూతీ రాసిన 'నేను రమల్లాని చూశాను' 1997లో అరబిక్‌లో వచ్చింది. అహ్‌దాఫ్ సూయిఫ్ ఇంగ్లీషు చేస్తే 2000లో అందరికీ చేరింది. ఎడ్వర్డ్ సయీద్ ముందుమాట రాశాడు. బర్ఘూతీ రమల్లా దగ్గరున్న దేర్ గస్సానా అనే పల్లెలో 1944లో పుట్టిన కవి. 1967 జూన్‌లో కైరో విశ్వవిద్యాలయంలో ఆఖరి సంవత్సరం పరీక్షలు రాస్తూ ఉండగా యుద్ధం వచ్చింది. వెస్ట్ బ్యాంక్ ఇజ్రాయెల్ చేతికి వెళ్ళింది. యుద్ధం నాటికి బయట ఉన్నవాళ్ళకి తిరిగొచ్చే దారి మూసుకుపోయింది. మళ్ళీ ఆయన ఆ వంతెన దాటింది 1996లో. ముప్ఫై ఏళ్ళు.

పుస్తకం ఆ వంతెన మీదే మొదలవుతుంది. చేతిలో చిన్న సంచీ, పైన ఎండ, కింద నీళ్ళు పెద్దగా లేని నది, కాళ్ళ కింద కిర్రుమనే చెక్కలు. ఆ చెక్కల పొడుగెంత? కాసిని అడుగులు. ఒక జాతి మొత్తాన్ని దాని కలలకి దూరంగా ఉంచడానికి ఈ కొంచెం కర్ర ఎలా సరిపోయిందని ఆయన ఆశ్చర్యపోతాడు. అమ్మాన్‌కీ రమల్లాకీ మధ్య గీత గీస్తే 70 కిలోమీటర్లు. ఆ ముప్ఫై ఏళ్ళలో ఆయన అమ్మాన్‌కి వచ్చాడు, వెళ్ళాడు. కువైట్, బేరూత్, బుడాపెస్ట్ తిరిగాడు. 1977లో ఈజిప్టు ప్రభుత్వం దేశంనుంచి వెళ్ళగొడితే భార్య రద్వా అషూర్, పసివాడైన కొడుకు తమీమ్ కైరోలో, తను బుడాపెస్ట్‌లో బతికారు. యూరప్ ఆయనకి దూరం కాలేదు. 70 కిలోమీటర్లు దూరమైంది.

నాకీ పుస్తకంలో అన్నిటికంటే బలంగా అనిపించేవి ఊరు చేరాక వచ్చే అధ్యాయాలు. రమల్లానుంచి జెరూసలెం 15 కిలోమీటర్లు. ముప్ఫై ఏళ్ళ తర్వాత అంత దగ్గరికొచ్చి కూడా ఆయన అక్కడికి వెళ్ళలేడు, అనుమతి లేదు. ఆ సందర్భంలో ఆయన చేసే ఫిర్యాదు విచిత్రంగా ఉంటుంది. ప్రపంచమంతా జెరూసలెం అంటే గోపురాలు, మతాలు, చరిత్ర అంటుంది. తనకి కావలసింది కూరగాయలు కొనుక్కున్న జెరూసలెం, సందుల్లో నడిచిన జెరూసలెం, ఎవరికీ ప్రతీకగా పనికిరాని మామూలు ఊరు. తన ఊరి విషయంలో మాత్రం ఈ మాట మీద ఆయన అన్నిసార్లూ నిలబడడు. కవి కదా, దేర్ గస్సానాలో అంజూరపు చెట్టు కనపడకపోతే అదీ ఏదో ఒక అర్థం మోయాల్సిందే. పదిసార్లు చెట్టు చెట్టుగా ఉంటే పదకొండోసారి ప్రతీకైనా బరువుండేది. కాని ఒక విషయంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు: ఫోను. చెదిరిపోయిన కుటుంబాలు ఫోనులోనే బతుకుతాయని, చావు కబుర్లన్నీ అందులోంచే వస్తాయని రాసిన పేజీలు అమెరికాలో ఉన్న ఏ తెలుగువాడూ మామూలుగా చదవలేడు. అర్ధరాత్రి ఫోను మోగితే మనం కూడా ముందు టైము చూసి, తర్వాత ఇండియా నంబరా కాదా అని చూసి, అప్పుడు ఎత్తుతాం.

విచిత్రంగా అవతలి వైపు గొప్ప పుస్తకంలోనూ ఫోనే ఉంది. అమోస్ ఓజ్ 'ప్రేమ, చీకట్ల కథ' హీబ్రూలో 2002లో, నికొలస్ ద లాంజ్ చేసిన ఇంగ్లీషు అనువాదం 2004లో వచ్చాయి. 1940లలో జెరూసలెంలో కెరెమ్ అవ్రాహామ్ అనే పేటలో, సొరంగం లాంటి కింది వాటాలో పెరిగిన పిల్లవాడి ఆత్మకథ. వాళ్ళకి టెల్ అవీవ్‌లో బంధువులున్నారు. టెల్ అవీవ్ 60 కిలోమీటర్లు. మూడు నాలుగు నెలలకోసారి వాళ్ళతో ఫోన్లో మాట్లాడడం ఒక మహా కార్యం. ముందు ఉత్తరం రాయాలి, ఫలానా రోజు ఫలానా గంటకి మందుల షాపులో ఉంటామని. వాళ్ళు సరే అని జవాబు రాయాలి. ఆ రోజు ఇంటిల్లిపాదీ తయారై మందుల షాపుకి వెళ్ళి నిలబడాలి. తీరా కలిశాక బాగున్నారా, బాగున్నాం, మళ్ళీ ఎప్పుడు మాట్లాడదాం, అంతే. చదువుతుంటే నవ్వొస్తుంది. అక్కడే ఓజ్ మెల్లిగా ఇంకో సంగతి చెప్తాడు. ఆ గొంతులు ఇంకోసారి వినపడతాయన్న నమ్మకం ఆ తరానికి లేదు. రేపు ఎవరు ఉంటారో, ఏ అల్లరి జరుగుతుందో తెలియదు. అందుకని 60 కిలోమీటర్ల అవతలి మనిషి బతికే ఉన్నాడని చెవితో విని రూఢి చేసుకోవడానికే ఆ కాల్.

ఆ పిల్లవాడికి టెల్ అవీవ్ వేరే ఖండం. అక్కడి మనుషులు ఎండకి కమిలినవాళ్ళు, ఈత కొట్టేవాళ్ళు, వేరే జాతి. తూర్పు యూరప్‌లో సర్వం పోగొట్టుకుని వచ్చి ఇరుకు గదుల్లో పుస్తకాల మధ్య దాక్కున్న తల్లిదండ్రులకి దేశం అంటే ఆ పేట, ఆ నాలుగు వీధులు. తల్లి ఫానియా 1952లో ఆత్మహత్య చేసుకుంది. పుస్తకం మొత్తం ఆ చావు చుట్టూ తిరుగుతుంది. ఆమె పోగొట్టుకున్న రోవ్నో పట్నం వేల కిలోమీటర్ల అవతల, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. ఓజ్ చేతిలో ఆ దూరం మన పక్కింట్లోకి వచ్చి కూర్చుంటుంది. పాఠకుడిగా నేను రోవ్నోలో తోటలూ నదీ చూశాను.

అంత చేయగలిగిన రచయితని ఇంకో దూరం గురించి అడగాలి. కెరెమ్ అవ్రాహామ్ నుంచి షేక్ జర్రా పేట రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. చిన్నప్పుడు ఒకసారి అక్కడి సిల్వానీ కుటుంబం ఇంటికి అతిథిగా వెళ్తాడు. తోటలో ఆయిషా అనే అమ్మాయి ముందు గొప్పలకి పోతాడు, ప్రమాదం జరిగి ఆ అమ్మాయి తమ్ముడికి దెబ్బ తగులుతుంది. నేను చదివిన ఆత్మకథల్లో ఇంత నిజాయితీగా రాసిన అధ్యాయాలు ఎక్కువ లేవు. 1948 తర్వాత ఆ రెండు పేటల మధ్య సరిహద్దు పడింది. ఆ పిల్ల ఏమైందో, ఆ పిల్లవాడి కాలు ఏమైందో అని ఓజ్ తల్చుకుంటాడు. తల్చుకుని వదిలేస్తాడు. 1967 తర్వాత ఆ రెండు కిలోమీటర్ల మధ్య ఆయన దారికి అడ్డం ఏమీ లేదు. రోవ్నో దాకా వెళ్ళిన కలం షేక్ జర్రా దాకా మళ్ళీ వెళ్ళలేదు. అయిదారు వందల పేజీల పుస్తకంలో ఆ వైపువాళ్ళకి దక్కింది ఒక తోట, ఒక మధ్యాహ్నం. ఓజ్ రెండు దేశాల పరిష్కారం కోసం జీవితమంతా వాదించినవాడు కనక ఈ మాట అనడం అన్యాయంగా ఉండొచ్చు. అయినా పుస్తకాన్ని పుస్తకంగానే చూడాలి కదా.

ఘస్సాన్ కనఫానీ 1969లో రాసిన 'హైఫాకి తిరిగి' అన్న చిన్న నవల సరిగ్గా ఓజ్ నడవని ఆ నడకే. 1948 ఏప్రిల్‌లో హైఫా పడిపోయిన రోజున కంగారులో పసిబిడ్డని ఇంట్లో వదిలేసి తరిమేయబడ్డ భార్యాభర్తలు, 1967లో సరిహద్దు తెరుచుకోగానే రమల్లానుంచి కారులో బయల్దేరతారు. గీత గీస్తే వంద కిలోమీటర్లు. ఇరవై ఏళ్ళు రాలేని ఊరికి ఒక్క పూటలో చేరతారు. ఇంటికి వెళ్తే అదే తలుపు, అదే గది. పోలండ్‌నుంచి వచ్చిన యూదు దంపతులు పెంచుకున్న తమ కొడుకు ఇజ్రాయెల్ సైన్యం దుస్తుల్లో ఎదురొస్తాడు. హైఫా వీధుల పేర్లు ఒక్కొక్కటే ఆయన నోటికి వచ్చే తొలి పేజీలు అద్భుతం. ఇంట్లోకి వచ్చాక మాత్రం మనుషులు మనుషుల్లా మాట్లాడడం మానేసి వేదికల మీద మాట్లాడినట్టు మాట్లాడతారు. కనఫానీ ఉద్యమంలో ఉన్నవాడు. 1972లో బేరూత్‌లో ఆయన కారులో బాంబు పెట్టి చంపేశారు. ఉపన్యాసాలకి ఆయనకి కారణాలున్నాయి, కథకి లేవు.

(హైఫా పేరు వచ్చింది కనక ఒక్క మాట. 1918 సెప్టెంబరు 23న ఆ ఊరిని టర్కీ సైన్యంనుంచి పట్టుకున్న అశ్విక దళంలో జోధ్‌పూర్, మైసూరు వాళ్ళతో పాటు నిజాం పంపిన హైదరాబాద్ లాన్సర్లు కూడా ఉన్నారు. ఢిల్లీలో తీన్‌మూర్తి అన్న పేరుకి కారణమైన మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాదుది. మనవాళ్ళు ఆ నేల మీద గుర్రాలెక్కి తిరిగి నూరేళ్ళు దాటింది.)

రాజా షెహాదే పేరు మనవాళ్ళలో తక్కువమందికి తెలుసు. రమల్లాలో ఉండే లాయరు. 1979లో అల్ హక్ అనే మానవ హక్కుల సంస్థ మొదలుపెట్టినవాళ్ళలో ఒకడు. 2007లో వచ్చిన ఆయన 'పాలస్తీనా నడకలు' మరుసటి ఏడు ఆర్వెల్ బహుమతి తెచ్చుకుంది. అరబిక్‌లో సర్హా అనే మాట ఉందట. పశువుల్ని మేతకి వదిలేసినట్టు, అడ్డూ అదుపూ లేకుండా, గమ్యం పెట్టుకోకుండా కొండల్లో తిరగడం. తాతగారి తరంలో అబూ అమీన్ అనే బంధువు అలా తిరిగి, కొండమీద రాళ్ళతో ఒక గుండ్రటి గూడు కట్టుకున్నాడు. ఆ గూడు వెతుక్కుంటూ మొదలవుతాయి నడకలు.

మ్యాపు చూపించలేని ఒక సంగతి ఈ పుస్తకం నేర్పుతుంది. కొండప్రాంతంలో దూరం అడ్డంగా తక్కువ, నిలువుగా ఎక్కువ. ఒక లోయ దిగి ఎక్కితే రెండు కిలోమీటర్లకి సగం పూట పోతుంది. అదే కొండమీద నిలబడితే చూపు సముద్రం దాకా పోతుంది. షెహాదే ఇంకో పుస్తకం 'ఇంట్లో అపరిచితులు'లో ఈ చూపు గురించి ఒక జ్ఞాపకం ఉంది. వాళ్ళ కుటుంబం 1948లో జాఫానుంచి రమల్లాకి వచ్చింది. జాఫా 45 కిలోమీటర్లు. రోజూ సాయంత్రం కొండమీంచి దూరంగా కనపడే దీపాల్ని చూస్తూ అవి జాఫా దీపాలని వాళ్ళ నాన్న చెప్పేవాడు. 1967లో దారి తెరిచాక వెళ్ళి చూస్తే జాఫా చీకటిగా ఉంది. ఇరవై ఏళ్ళుగా వాళ్ళు చూసినవి పక్కనే పెరిగిన టెల్ అవీవ్ దీపాలు. ఇలాంటి సంగతి వేల మైళ్ళ దూరంలో ఉన్నవాడికి జరగదు. నేను ఎడిసన్‌లో మా ఇంటి డెక్ మీద నిలబడితే గుంటూరు దీపాలు కనపడవు కనక నాకు ఆ భ్రమా లేదు, ఆ కోతా లేదు.

షెహాదే లాయరుతనం కూడా నాకు నచ్చుతుంది. అల్బినా కేసు గురించి రాసిన అధ్యాయంలో, భూమి ఆ మనిషిదేనని ఒప్పుకుంటూనే, సెటిల్‌మెంటుకి చేసిన బదలాయింపు సదుద్దేశంతో జరిగింది కనక చెల్లుతుందని తీర్పు వస్తుంది. ఆయన కోపం తెచ్చుకోడు, క్లాజు చదివి వినిపిస్తాడు. 1995 ఒప్పందంలో వెస్ట్ బ్యాంక్‌ని ఏ, బీ, సీ అని మూడు ముక్కలు చేసి, అరవై శాతం సీలో పడేసిన లెక్క కూడా అలాగే చెప్తాడు. పాత గుంటూరు జిల్లాలో సగాన్ని తీసుకుని అందులో మూడు రకాల పాలన పెట్టండి. 2002లో మొదలైన గోడకి వేసిన దారి సుమారు 700 కిలోమీటర్లు. పాత సరిహద్దు పొడవు 320. నిలువునా 130 కిలోమీటర్లున్న నేలకి 700 కిలోమీటర్ల గోడ ఎలా పడుతుందంటే, వంకర్లు తిరుగుతూ పడుతుంది. ఆ వంకర్లలోనే దూరాలు పెరుగుతాయి. పక్క ఊరికి పది నిమిషాల దారి గంటన్నరవుతుంది, కొన్ని రోజులు అసలు ఉండదు.

ఈ పుస్తకం మీద నాకున్న ఫిర్యాదు ఒకటే. పందొమ్మిదో శతాబ్దంలో వచ్చిన మార్క్ ట్వేన్, థాకరే లాంటి యాత్రికులు ఇక్కడ మనుషులే లేనట్టు రాశారని షెహాదే సరిగ్గానే తప్పు పడతాడు. కాని ఆయన నడకల్లోనూ రైతులు పెద్దగా తగలరు. ఆఖరి నడకలో నీళ్ళ పక్కన హుక్కా పీలుస్తూ ఒక సెటిలర్ కుర్రవాడు కనిపిస్తాడు. ఇద్దరూ వాదించుకుంటారు, చివరికి ఆ హుక్కా పంచుకుంటారు. పుస్తకంలో అంత తీరిగ్గా మాట్లాడే అవకాశం ఏ పాలస్తీనా పల్లెటూరి మనిషికీ రాలేదు. కొండల మీద ప్రేమ ఎక్కువైనవాళ్ళకి మనుషులు కాస్త అడ్డంగా కనిపిస్తారు కాబోలు.

గాజాకి వస్తే నడకలు లేవు, కొండలు లేవు. అక్కడికి జో సాకో బొమ్మలే కావాలి. మాల్టాలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ ఈ పాత్రికేయుడు కామిక్స్‌లో రిపోర్టింగ్ చేస్తాడు. 2009లో వచ్చిన 'గాజాలో అధోజ్ఞాపికలు' 1956 నవంబరులో ఖాన్ యూనిస్‌లోనూ, రఫాలోనూ జరిగిన హత్యాకాండల మీద. ఐక్యరాజ్యసమితి నివేదిక ప్రకారం మొదటిచోట 275 మంది, రెండోచోట 111 మంది చనిపోయారు. యాభై ఏళ్ళ తర్వాత ముసలివాళ్ళని వెతికి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, ఒకరి మాటకి ఒకరి మాట పొసగకపోతే అదీ చూపిస్తూ గీశాడు. రఫాకీ ఖాన్ యూనిస్‌కీ మధ్య పది కిలోమీటర్లు. పుస్తకం మొత్తం ఆ పది కిలోమీటర్లలోనే.

ఇరుకుని మాటల్లో చెప్తే ఇరుకన్న మాటే మిగుల్తుంది. సాకో కొన్నిసార్లు పైనుంచి, డాబాల మీదనుంచి గీస్తాడు. రేకుల మీద పెట్టిన రాళ్ళు, నీళ్ళ డ్రమ్ములు, ఆరేసిన బట్టలు ఒక్కొక్కటీ విడిగా, పేజీ అంచుదాకా. కంటికి విశ్రాంతి ఇచ్చే ఖాళీ ఎక్కడా ఉండదు. ఇది చూసి విసుగొస్తుందని కొందరంటారు. రావాలి కూడా. ఆ రోజుల్లో గాజాని మధ్యలో కోసే అబూ హోలీ అనే చెక్‌పోస్టు ఉండేది. సెటిల్‌మెంటు రోడ్డు కోసం పెట్టింది, 2005లో సెటిల్‌మెంట్లతో పాటే పోయింది. అది మూసేస్తే నలభై కిలోమీటర్ల గాజా రెండు దేశాలయ్యేది. డ్రైవరొక్కడే ఉన్న కారుని వదిలేవాళ్ళు కాదు కనక, కారులో కూర్చుని లెక్క నింపడానికి చిల్లర పుచ్చుకునే కుర్రాళ్ళు తయారయ్యారు. దూరమే లేనిచోట దూరం అమ్ముకుని బతకడం ఇది.

ఇంత చిన్న చోటు అని తెలిశాక జనం రెండు మూడు రకాలుగా మాట్లాడడం విన్నాను. ఒకటి, మన పార్టీల్లో వినపడేది: అంత చిన్న జాగా కోసం ఇంత కొట్టుకోవడమేమిటండీ, పిచ్చి కాకపోతే. భారతం చదివినవాళ్ళు అనాల్సిన మాట కాదిది. అయిదూళ్ళు ఇమ్మంటే సూది మొన మోపినంత కూడా ఇవ్వనన్న చోట మొదలైంది మన యుద్ధం. పల్నాటి వీరుల మాచర్లకీ గురజాలకీ మధ్య నలభై కిలోమీటర్లు లేవు. రెండోది, చుట్టూ అంత అరబ్బు నేల ఉంది కదా, వీళ్ళు అటు పోవచ్చుగా అన్నది. బర్ఘూతీ పుస్తకం చదివితే ఆ మాట నోట్లోంచి రాదు. మూడోది ఇజ్రాయెల్ వైపునుంచి వచ్చేది: మా దేశం నడుము కొన్నిచోట్ల 15 కిలోమీటర్లు, మాకు వెనక్కి తగ్గే చోటెక్కడుంది? ఇది ఉత్త వాదం కాదు. గాజా పక్కనున్న స్డెరోట్ ఊళ్ళో సైరన్ మోగితే దాక్కోవడానికి ఉండే వ్యవధి 15 సెకన్లు. నహల్ ఓజ్ కిబ్బుట్జునుంచి గాజా కంచె కిలోమీటరు కూడా లేదు. 2023 అక్టోబరు 7న ఆ దూరం హమాస్ మనుషులకి నిమిషాల పని అయింది. సుమారు 1,200 మంది చనిపోయారు, 251 మందిని ఎత్తుకుపోయారు. ఆ తర్వాత 2025 అక్టోబరులో కాల్పుల విరమణ వచ్చేనాటికి గాజాలో చనిపోయినవాళ్ళు అక్కడి ఆరోగ్యశాఖ లెక్కలో 67 వేలు దాటారు. చిన్నతనం ఇద్దరికీ భయమే. ఒకడి భయానికి మందు అవతలివాడి నేలలోంచి కోసుకోవాల్సి రావడం దగ్గర నాకు ఈ మూడో వాదంతో పేచీ. వెస్ట్ బ్యాంక్‌లో కోసుకుంటూ పోతే లోతు ఎవరికి పెరిగింది?

ఇదంతా మన సంకలనంలో ఎందుకంటారా? ప్రవాసం అన్న మాట మనం తేలిగ్గా వాడుకుంటున్నాం. అమెరికా తెలుగు కథల్లో దూరం ఎనిమిది వేల మైళ్ళనో, ఇరవై రెండు గంటల ప్రయాణమనో వస్తుంది. కథకుడు ఏర్‌పోర్టులో నిట్టూరుస్తాడు. అమ్మ చేతి గోంగూర గుర్తొస్తుంది. ఆ బాధ అబద్ధమని అనను. కాని ఆ కథల్లో దూరానికీ అడ్డంకికీ తేడా కనపడదు. మనల్ని ఆపేవి ఉద్యోగం, ఇంటి అప్పు, పిల్లల స్కూలు, వీసా స్టాంపింగ్ గొడవ. 2020 మార్చిలో విమానాలు ఆగిపోయినప్పుడు, తండ్రి పోతే కొడుకు ఫోన్లో చూసి దణ్ణం పెట్టుకోవాల్సి వచ్చినప్పుడు, మొదటిసారి మనలో చాలామందికి దూరం మైళ్ళలోంచి అనుమతిలోకి మారింది. అది కొన్ని నెలలు. దాని మీద వచ్చిన కథల్లోనూ వైరస్ గురించి రాశారు గాని, డబ్బూ టికెట్టూ ఉండి కదలలేకపోవడం ఎలా ఉంటుందో రాసినవాళ్ళు తక్కువ. గల్ఫ్‌లో పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టేసిన మనవాళ్ళకి ఇది ఎప్పట్నుంచో తెలుసు. హైదరాబాదు మూడున్నర నాలుగు గంటల ప్రయాణం, చెల్లెలి పెళ్ళికి వెళ్ళలేడు. బర్ఘూతీ వంతెన వాళ్ళకి నాకంటే బాగా అర్థమవుతుంది.

నిజామాబాదు, జగిత్యాల వైపునుంచి వెళ్ళి ఇజ్రాయెల్‌లో ముసలివాళ్ళ సేవలో ఉన్న తెలంగాణ మనుషులు చాలామంది ఉన్నారు. సైరన్ మోగితే మంచం మీది పెద్దాయన్ని 15 సెకన్లలోనో, తొంభై సెకన్లలోనో గదిలోకి చేర్చాల్సింది వాళ్ళే. ఎంత దూరంలో ఏముందో ఏ మ్యాపూ లేకుండా తెలిసినవాళ్ళు. వాళ్ళలో ఎవరైనా రాస్తే ఇలాంటి సంకలనంలో ముందు పేజీ వాళ్ళకివ్వాలి.

ఈ పుస్తకాలు చదవాలనుకునేవాళ్ళు ఓజ్‌తో మొదలుపెట్టండి, పెద్దదని భయపడకుండా. తర్వాత బర్ఘూతీ. కనఫానీది ఒక సాయంత్రంలో అయిపోతుంది కనక ఆ రెండిటి మధ్యా పెట్టుకోవచ్చు. షెహాదేని చదివేటప్పుడు పక్కన మంచి మ్యాపు, కొండల ఎత్తులు గీసినది, ఉండాలి. సాకోకి మ్యాపు అక్కర్లేదు. ఎవరైనా వీటిని తెలుగు చేస్తే మాత్రం ఒక మనవి: 'పశ్చిమ తీరం' అని రాయకండి.